కుందేలు ఎముక

గ్వెన్ హాలొరన్ నాలుకకి ఆ ఎడారి పార్కులో మంచి పేరుంది. నేలమీద తెల్లటి ముక్క దొరికి, అది రాయో ఎముకో తేల్చుకోలేక మిగతావాళ్ళు బుర్ర గోక్కుంటుంటే, గ్వెన్ దాన్ని తీసుకుని చొక్కా అంచుకి తుడిచి నాలుక కొసకి ఆనించేది. రాయైతే జారిపోతుంది. ఎముకైతే తడి పీల్చుకుని నాలుకకి అతుక్కుంటుంది. పురావస్తు తవ్వకాల్లో పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన చిట్కానే. కాలేజీలో మాత్రం ఇది చెయ్యకూడదనే చెప్తారు. అయినా అందరూ చేస్తారు. చదువుకున్నవాళ్ళు చేసే పాడు పనికి శాస్త్రం అని పేరు పెడితే ఎవరూ నోరెత్తరు కదా.

ఆ మంగళవారం కూడా అదే జరిగింది. వాగు పక్కన ఇసుక మేటమీద నలుగురూ వరసగా, చేతులు చాస్తే తగలనంత ఎడంలో నడుస్తూ నేల చూసుకుంటూ వస్తున్నారు. లాయిడ్ వంగి ఒక పలుకు తీశాడు. లాయిడ్ నడివయసు మనిషి. పార్కులో చేరకముందు ఇళ్ళకి టైల్స్ వేసేవాడు. వేళ్ళమధ్య పలుకుని అటూ ఇటూ తిప్పి గ్వెన్‌కి అందించాడు. ఆమె నాలుకకి తగిలించి తీసింది.

"రాయి," అని పారేసింది.

"ఏంటి పిల్లా, ఉప్పు సరిపోయిందా?" అని ట్రక్కు నీడలోంచి ఒక గొంతు వచ్చింది.

"కాస్త తక్కువైంది. నీ చిప్స్ ప్యాకెట్ ఇలా విసిరెయ్, నంజుకుంటా."

"భూమంతా తీసుకున్నారు, కొండలు తీసుకున్నారు, నీళ్ళు తీసుకున్నారు. ఈ చిప్స్ ఒక్కటి మిగిలింది నాకు. చచ్చినా ఇవ్వను."

లాయిడ్ పగలబడి నవ్వాడు. ఎర్నెస్టీన్ కాంపోస్ మడత కుర్చీలో కూర్చుని, వేళ్ళకంటిన కారప్పొడి నాక్కుంటూ, నవ్వని మొహం పెట్టుకుని అందరినీ చూసింది. డెబ్బై దాటిన మనిషి. కళ్ళకి పెద్ద నల్లద్దాలు, గోళ్ళకి ఎర్రరంగు. కొండమీద, ఈ నేల అసలు హక్కుదార్లైన తెగవాళ్ళకి సర్కారు మిగిల్చిన రిజర్వేషన్ నుంచి పాత ట్రక్కు నడుపుకుంటూ వస్తుంది. పార్కులో ఎక్కడ మట్టి కదిలించాలన్నా ఆ తెగ మనిషి ఒకరు మానిటర్‌గా దగ్గరుండి చూడాలని ఒప్పందం. ఆ మనిషి చెయ్యెత్తితే పని ఆగాలి. చెప్పకుండా చోటు వదిలి వెళ్ళిపోతే మాత్రం ఆగక్కర్లేదు. ఈ రెండో ముక్క సూపరింటెండెంట్ ప్రూయిట్ పట్టుబట్టి పెట్టించింది.

నిరుడు ఎర్నెస్టీన్ చెయ్యెత్తితే కార్ల పార్కింగ్ వాగుకి అవతలి గట్టుకి మారింది. ప్రూయిట్ అది మర్చిపోలేదు. ఇప్పుడు ఈ గట్టుమీద గుడారాలు వేసుకునే మైదానం రాబోతోంది. నేలంతా చూసి, అడ్డంకేమీ లేదని గ్వెన్ ఒక్క మాట చెప్తే చదును చేసే బండి దిగుతుంది.

ఆ మాటమీద గ్వెన్ బతుకు కూడా వేలాడుతోంది. క్షేత్ర బృందానికి పెద్ద ఆవిడే అయినా, ఆ ఉద్యోగం ఏడాదికేడాది పొడిగించుకునే ఉద్యోగం. ఈ శరదృతువులో దాన్ని పర్మనెంట్ చేస్తారన్నారు. పర్మనెంటైతేనే ఆపరేషన్ ఖర్చు భరించే ఇన్సూరెన్సు వస్తుంది. ఎడమ తుంటి అరిగిపోయింది. పొద్దున్నే మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, ఒక్కో కాలూ కిందపెట్టాలి. కుంటడం ప్రూయిట్ కంట పడకుండా, అతను వచ్చినప్పుడల్లా ఆమె ఎక్కడో ఒకచోట మోకాళ్ళమీద కూర్చుని తాపీతో మట్టి గీరుతూ కనబడేది.

"ఈసారి కుంటకుండా నడిచావు," అంది ఎర్నెస్టీన్ మధ్యాహ్నం భోజనాల దగ్గర, తన బరీటో రొట్టెచుట్టలో సగం తుంపి ఆమె చేతిలో పెడుతూ. "మాత్రలు రెండేసుకున్నావా?"

"మూడు."

"కడుపులో చిల్లు పడుద్ది. ఆ ప్రూయిట్ గాడికేం, కుర్చీలో కూర్చుంటాడు. తిను."

గ్వెన్ తింది. ఇన్నేళ్ళుగా ఆ చేతిముద్ద తింటోంది.

ఆ సాయంత్రం కొండల్లో ఎక్కడో వాన పడింది. ఇక్కడ చుక్క లేదు గానీ వాగులో నీళ్ళు మట్టిరంగులో ఒక పూట పారి, తెల్లారేసరికి మళ్ళీ ఇంకిపోయాయి. బుధవారం వాళ్ళు వచ్చేసరికి గట్టు ఒకచోట తెగి, కోసిన రొట్టెలా లోపలి పొరలు కనబడుతున్నాయి. పైన పచ్చటి ఇసుక, కింద గులకరాళ్ళు, మధ్యలో మూరెడు పొడుగున నల్లటి చార.

నల్లచారంటే నిప్పు. గ్వెన్ లాయిడ్‌నీ మిగతా ఇద్దరినీ పై గట్టుకి పంపించి, తను వాగులోకి దిగి తెగిన అంచుకి ఎదురుగా కూర్చుంది. మెత్తటి కుంచెతో ఇసుక దులిపింది. ఎర్రటి కుండపెంకు అంచు బయటపడింది. దాని పక్కన గోరంత తెల్లటి ముక్క. చలికాచుకున్న పొయ్యేమో, కుందేలు కాల్చుకుని తిన్నారేమో అనుకుంది. ఆ ఎడారిలో నల్లచారలన్నీ దాదాపు అలాంటివే.

వెనకనుంచి కంకర చప్పుడైంది. ఎర్నెస్టీన్ కుర్చీ చంకన పెట్టుకుని, ఆపసోపాలు పడుతూ వాగులోకి దిగుతోంది.

గ్వెన్ చెయ్యి తన అలవాటు ప్రకారం పోయింది. తెల్లముక్క తీసింది, చొక్కా అంచుకి తుడిచింది, నాలుక కొసకి ఆనించింది. అతుక్కుంది. మామూలుగా అతుక్కోలేదు. లాగితే నాలుక కొస కూడా కాస్త ముందుకొచ్చింది. చప్పరించిన చోట బూడిద రుచి తగిలింది.

అప్పుడు దాన్ని వెలుగులో పెట్టి చూసింది. మొదటే చెయ్యాల్సిన పని అది. రెండు పలచటి పొరలు, వాటి మధ్య స్పాంజిలాంటి గుల్ల. పైన ఒంపు తిరిగిన బీటలు. కండతో సహా కాలినప్పుడే ఎముక అలా బీటలిస్తుంది. కుందేలు పుర్రె కాగితంలా ఉంటుంది, ఇంత మందం ఉండదు. ఇంత మందం ఉండేది మనిషి తలకాయే.

నోట్లో ఉమ్మి ఊరింది. పక్కకి తిరిగి ఉమ్మబోయింది.

"ఉమ్మకు!"

అంత గొంతు ఎర్నెస్టీన్‌కి ఉందని గ్వెన్‌కి ఆరోజే తెలిసింది. కుర్చీ కిందపడింది. ముసలావిడ కంకరమీద పడుతూ లేస్తూ వచ్చి ఎదురుగా నిలబడింది. నల్లద్దాలు తీసేసింది. ఆ కళ్ళు ముందు నల్లచార చూశాయి, తర్వాత ఎర్రపెంకు, తర్వాత గ్వెన్ నోరు.

"ఉమ్మకు. మింగకు. ఏం చేశావే పిల్లా... ఏం చేశావే." ఆవిడ ఒక చెయ్యి గ్వెన్ మొహం దాకా వచ్చి, తాకకుండా ఆగిపోయింది. "దాన్ని ఎక్కడిది అక్కడ పెట్టెయ్. పెట్టు! ఇక నోరు విప్పకు. మాట్లాడకు. నీళ్ళు తాగకు. ఇక్కడే ఉండు, కదలకు."

గ్వెన్ నోరు మూసుకుని తలూపింది. ఎర్నెస్టీన్ వెనక్కి చూడకుండా గట్టెక్కింది. ట్రక్కు తలుపు దభాలున పడింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. ఎర్రదుమ్ము లేచి, దారి మలుపు తిరిగి, కొండవైపు పోయింది.

ఎక్కడికి వెళ్తున్నావని అడగడానికి గ్వెన్‌కి నోరు లేదు. నోటినిండా ఉమ్మి. అలా బుగ్గలు నింపుకుని, పంటినొప్పి వచ్చిన మనిషిలా, ఎండలో నిలబడింది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయింది. చచ్చిన ఎవరినో, బూడిదై పడుకున్న ఎవరినో, నాకింది. అది కూడా ఎర్నెస్టీన్ కళ్ళముందే. ఆ క్షణంలో ఎర్నెస్టీన్ ఏ శిక్ష వేసినా పడేది.

కానీ సిగ్గు ఎండలో ఎక్కువసేపు నిలవదు. కాసేపటికి దాని పక్కన భయం వచ్చి కూర్చుంది. కొండవైపు పోయింది. కొండమీద ఏముంది? తెగ ఆఫీసు ఉంది. వాళ్ళ లాయరు ఉన్నాడు. పార్కు పురావస్తు అధికారిణి మా పూర్వీకుల పుర్రె నోట్లో పెట్టుకుంది అని ఒక్క ముక్క పేపర్లో పడితే చాలు. పర్మనెంటు మాట అటుంచి, ఇంకెక్కడా తాపీ పట్టుకోనివ్వరు. ఈ మాట ప్రతి తవ్వకం గుడారంలో, ప్రతి బీరు బల్లమీద, ఆమె చచ్చేదాకా నవ్వుతూ చెప్పుకుంటారు.

"ఏంటి మేడమ్, ముసలమ్మ అలా పరిగెత్తింది?" లాయిడ్ పై గట్టు అంచున నిలబడి అడిగాడు. "ఏమన్నా దొరికిందా?"

గ్వెన్ అతనివైపు చూసింది. చూస్తూ చూస్తూనే గుటక వేసింది. గొంతులోంచి బూడిద దిగుతున్నట్టు తెలిసింది.

"కుందేలు ఎముక," అంది.

ఒక అబద్ధం నోరు దాటాక రెండోది దానంతటదే వస్తుంది. గ్వెన్ తాపీతో కాస్త ఇసుక తీసి నల్లచారమీద మెత్తింది. ముక్కని పెంకు పక్కకే నెట్టి, పైన మరో చారెడు వేసి, అరచేత్తో అద్దింది. మట్టిపని బాగా వచ్చిన చేతులు. చూసినవాళ్ళు అక్కడ ఏదో మెత్తారని అనుకోరు. తర్వాత తన పికప్ దగ్గరికి వెళ్ళి నీళ్ళసీసా ఎత్తి సగం తాగి, వైర్‌లెస్ అందుకుంది.

"ప్రూయిట్ గారూ, మానిటర్ వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోవడమేంటి? చెప్పి వెళ్ళిందా?"

"లేదు."

అటువైపు కాసేపు గరగర. ప్రూయిట్ నవ్వు ఆపుకుంటున్నాడో, నిజంగా ఆలోచిస్తున్నాడో తెలియలేదు.

"ఇదే మొదటిసారా?"

ఆ ప్రశ్న తలుపు తెరిచి పెట్టినట్టు వచ్చింది. కాదు అంటే చాలు. ఎర్నెస్టీన్ మాటకి ఇక విలువుండదు. పని వదిలేసి తిరిగే మనిషి, తన తప్పు కప్పుకోడానికి ఏవో కథలు చెప్తోందంటారు. గ్వెన్ బొటనవేలు మీటమీద ఉంది. తుంటిలో నొప్పి మోకాలిదాకా జారింది. ముసలావిడ మనవరాలి బడికి వెళ్ళిన రోజుంది, మందులకి వెళ్ళిన రోజుంది. అవన్నీ చెప్పే వెళ్ళింది. గ్వెన్‌తోనే చెప్పి వెళ్ళింది.

"కాదు," అంది. "ఇంతకుముందు కూడా జరిగింది. చెప్పడం ఎందుకులే అని ఊరుకున్నా."

"మీ మంచితనమే మీకు చేటు. సరే, నేల సంగతేంటి? ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు. కుందేలు ఎముకలు, నాలుగు పెంకులు. అంతే."

"అయితే రేపే బండి పంపిస్తా. గ్వెన్, మీ పోస్టు సంగతి శుక్రవారం మీటింగ్‌లో నేనే ఎత్తుతాను. దిగులు పెట్టుకోకండి."

ఆమె వైర్‌లెస్ పెట్టేసి, ఆ మధ్యాహ్నమంతా జెండాలు పాతించింది. మైదానం హద్దులు గీయించింది. లాయిడ్‌ని ఎప్పుడూ లేనంత ముద్దుగా పలకరించింది. ఎర్నెస్టీన్ కుర్చీ వాగులో పడి ఉంటే తనే వెళ్ళి తెచ్చి, మడిచి, పికప్‌లో వేసింది. సాయంత్రం దాకా ఏ లాయరూ రాలేదు, ఏ ఫోనూ మోగలేదు. రాకపోవడం ఆమెకి ఊరట ఇవ్వలేదు, కోపం తెప్పించింది. మనం కీడు చేసినవాళ్ళు మనకి తిరిగి కీడు చెయ్యకపోతే వాళ్ళని క్షమించలేం.

గురువారం పొద్దున్న పార్కు గేటు దగ్గర చదును బండి ఒక పెద్ద లారీమీద ఎక్కి నిలబడి ఉంది. ప్రూయిట్ కాఫీ గ్లాసు పట్టుకుని డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. గ్వెన్ పికప్‌లో కూర్చుని దారి చూపించడానికి ఎదురుచూస్తోంది. అప్పుడొచ్చింది ఎర్నెస్టీన్ ట్రక్కు, ముందు మూతలోంచి ఆవిరి చిమ్ముకుంటూ.

ముసలావిడ నిన్నటి బట్టలతోనే ఉంది. కళ్ళకింద నలుపు. నల్లద్దాలు లేవు. చేతిలో ఎర్రదారంతో చుట్టిన తెల్లటి ఆకుల కట్ట. ఆ ఆకు కింద ఎడారిలో దొరకదు, కొండ పైకంటా పోవాలి.

"నా బండి రేడియేటర్ పగిలింది," అంది ఎర్నెస్టీన్ దిగుతూనే, ఎవరితోనో కాదు, నేరుగా గ్వెన్‌తో. "పైన మా అక్క ఇంటి దగ్గర ఆగిపోయింది. దాని కొడుకు చూస్తే పొద్దున్నే గానీ రాడు. నీళ్ళు తాగావా పిల్లా? తాగే ఉంటావులే. దిగు. ఇలా రా."

గ్వెన్ దిగలేదు. లాయరు లేడు, ఆఫీసు లేదు. ఈవిడ ఆకు తేవడానికి పోయింది.

ప్రూయిట్ మధ్యలోకి వచ్చాడు. "ఎర్నెస్టీన్ గారూ, మీ బ్యాడ్జీ ఇచ్చెయ్యాలి. చెప్పకుండా చోటు వదిలి వెళ్ళారు. ఇది మొదటిసారి కూడా కాదట."

"ఎవరన్నారు?"

అతను పికప్‌వైపు చూశాడంతే. ఎర్నెస్టీన్ కూడా అటు చూసింది. ఆవిడ మొహంలో కోపం రాలేదు. వినికిడి సరిగ్గా లేనివాళ్ళు మళ్ళీ చెప్పమన్నట్టు చూస్తారే, అలా చూసింది. తర్వాత మెడలోంచి బ్యాడ్జీ తీసి ప్రూయిట్ కాఫీ గ్లాసులో పడేసింది.

"అది ఉంచుకో. నాకు ఈ పిల్లతో పనుంది, జరుగు."

పికప్ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. అగ్గిపుల్ల గీసి ఆకు కొస అంటించింది. మండనివ్వకుండా ఊదింది. పొగ ఘాటుగా, చేదుగా లేచింది.

"నోరు తెరువు," అంది మెల్లగా. "పొగ లోపలికి పోవాలి. మా అమ్మ ఇలాగే చేసేది."

"ఎర్నెస్టీన్..."

"నీమీద జాలిపడి తెచ్చాననుకోకు. నిన్ను చూస్తే వాంతొస్తోంది నాకు. ఇది నీ కోసం కాదు. ఆవిడ నీ నోట్లో ఉంది. ఆవిడ ఇంటికి పోవాలి."

"ఎవరావిడ?" అన్నాడు ప్రూయిట్. గొంతు మారింది. కాఫీ గ్లాసు బండి మూతమీద పెట్టేశాడు. "గ్వెన్, ఏంటిది? ఆ గట్టులో ఏదన్నా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. బండి వెనక్కి పంపిస్తా, నాకు నష్టమే గానీ పంపిస్తా. మీరేమంటే అదే."

నిజంగానే అన్నాడు. అంత బాధ్యత అతనికుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఎముకల సంగతి ఆమెకే తెలుసు, ఆమె మాటే చెల్లుతుంది. ఉందని ఒక్కమాట అంటే వాగులో బండి దిగదు. నిన్న కుందేలన్నావు, ఇవాళ మనిషంటున్నావు, మధ్యలో ఏం జరిగిందని అడుగుతారు. అన్నీ చెప్పాలి. లాయిడ్ కూడా వింటాడు. శుక్రవారం మీటింగ్‌లో ఆమె పేరు వేరే రకంగా ఎత్తుతారు.

పొగ కిటికీలోంచి లోపలికొచ్చి కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. గ్వెన్ అద్దం మీట నొక్కింది. అద్దం సగం పైకొచ్చి, ఎర్నెస్టీన్ వేళ్ళ దగ్గర ఆగింది.

"అది కుందేలు ఎముక, ఎర్నెస్టీన్," అంది.

ముసలావిడ వేళ్ళు అద్దంమీద అలాగే ఉన్నాయి. ఎర్రరంగు గోళ్ళు. ఒక గోరు విరిగింది. ఆకు కట్టని వేళ్ళతో నలిపి ఆర్పింది. చురుక్కుమన్నా చెయ్యి తియ్యలేదు.

"నాతో పందొమ్మిదేళ్ళు తిన్నావు కదా. నా మొగుడి పేరేంటో చెప్పు."

గ్వెన్‌కి తెలియదు. ఎన్నిసార్లో ఆయన కబుర్లు విని నవ్వింది. 'మా ఆయన' అనడమే గానీ పేరు ఎప్పుడూ వినలేదు.

"నీకు తెలీదు. ఎందుకంటే పోయినవాళ్ళ పేరు మేం పలకం. పలికితే వాళ్ళకి నిద్ర ఉండదు. వెనక్కి తిరిగి చూస్తారు. మా ఆయన పేరు నేను పలకలేదు, మా అమ్మ పేరు పలకలేదు. ఆ గట్టులో ఉన్నావిడ మా నాయనమ్మ చెల్లెలు. చిన్నతనంలో మా నాన్న నా చెయ్యి పట్టుకుని ఆ మలుపు చూపించాడు. చూపించాడంతే, సరిగ్గా ఏ చోటో చెప్పలేదు, పేరూ చెప్పలేదు. ఆ పేరు ఎప్పుడో ఎవరో నోరుజారితే నా చెవిన పడింది."

ఆవిడ వంగి, సగం తెరిచిన అద్దం సందులో మొహం పెట్టింది. ఆ మొహం గ్వెన్ మొహానికి జానెడు దూరంలో ఉంది.

"నీ కుందేలుకి ఒక పేరుంది," అంది. "రెఫూజియా. రెఫూజియా. ఇక ఆవిడ నీ దగ్గరే ఉంటుంది, నువ్వే చూసుకో."

అన్నాక తనమాట తనకే తగిలినట్టు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ముసలి భుజాలు ఒక్కసారి ఎగిరాయి. అలాగే నోరు మూసుకుని తన ట్రక్కు దాకా నడిచి ఎక్కింది. ఇంజను అందుకోలేదు. చాలాసేపు తిప్పింది. సాయం పట్టడానికి డ్రైవర్ కదలబోతే వద్దని చెయ్యి ఊపింది. చివరికి బండి దగ్గుకుంటూ, ఆవిరి కక్కుకుంటూ, గేటు దాటింది.

ప్రూయిట్ వచ్చి కిటికీ మీద వాలాడు. "పాపం, ముసలితనం. ఏదో పేరు చెప్పింది కదా, ఏమంది?"

"నాకు వినపడలేదు," అంది గ్వెన్.

పికప్ ముందు, లారీ వెనక, వాగు మలుపు దాకా వెళ్ళాయి. లాయిడ్ జెండాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చదును బండి కిందికి దిగి, ఒకసారి పొగ వదిలి, ఊరుకుంది. మైదానం చాలా పెద్దది. కొండవైపు నుంచి మొదలుపెడితే గట్టుకి చేరేసరికి సోమవారమో మంగళవారమో అవుతుంది. అప్పటికి ఏదైనా జరగొచ్చు. ఎవరి మనసైనా మారొచ్చు.

డ్రైవర్ తల బయటికి పెట్టి, "ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు మేడమ్?" అని అరిచాడు.

గ్వెన్ కిందికి దిగింది. కుంటడం దాచుకోకుండా నాలుగడుగులు నడిచి, నిన్న తను అరచేత్తో అద్దిన చోటికి ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి చూపించింది.

"ఇక్కణ్ణుంచే," అంది. "ముందు ఈ గట్టు తీసెయ్యండి."